ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం

మాణిక్యాలరావు గారికి ఈ లోకంలో ఉన్నది ఒక్కటే పట్టింపు. కాగితానికి ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం ఖాళీ ఉండాలి. సాక్షాత్తూ దేవుడే దిగివచ్చి వరం రాసిస్తానన్నా "ముందు మార్జిను వదలండి స్వామీ, వరం తర్వాత చూద్దాం" అనే రకం ఆయన. కొత్తపేట బస్టాండు నుంచి మండలాఫీసుకి వెళ్ళే దారిలో ఆయనకో ప్రింట్ల కొట్టు ఉంది. అందులో రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, కాగితాలకి చిల్లులు వేసే ఇనప పంచింగు మిషను, గోడ పొడుగునా రింగు ఫైళ్ళు. ఆ కొట్టులో పుట్టిన ప్రతి కాగితమూ ఎవరికో చోటు ఇస్తున్నట్టు కుడి పక్కకి ఒదిగి ఉంటుంది. అందుకే ఊళ్ళో ఆయన పేరు మార్జిను మాణిక్యం. ఎదురుగానే అంటారు, ఆయనకి కోపం రాదు. ఆయన కోపమంతా చిల్లు వెళ్ళి అక్షరం మీద పడినప్పుడే.

ఆ కొట్టుకి సంతోషంగా వచ్చేవాళ్ళు తక్కువ. మండలాఫీసు దారి కదా, ఊళ్ళో జరిగే చెడంతా అక్కడ ఫైళ్ళ రూపంలో ఆగి వెళుతుంది. వారం వారం డయాలసిస్‌కి తిరిగే మనిషి రిపోర్టులు వస్తాయి. కువైట్‌లో చనిపోయిన కూతురి శవం తెప్పించమని ఒక తల్లి పెట్టుకున్న అర్జీ వస్తుంది. గోదాట్లో బోల్తా పడిన నావ తాలూకు పోలీసు కాగితం వస్తుంది. ప్రింటరులోంచి వచ్చిన కాగితం వేడి చల్లారకముందే దాని మీద కన్నీళ్ళు పడుతుంటాయి. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి, చెక్క స్కేలు తీసి, కళ్ళజోడు సవరించుకుని, ఎడమ పక్క ఖాళీ కొలిచే పెద్దమనిషిని ఏమనాలి? అక్కడ ఆపరేటరుగా పనిచేసే కాంతం చాలాకాలం ఆయన్ని మనసులో రాతి మనిషనే అనుకుంది.

అనుకోవడానికి ఆవిడకి కారణం ఉంది. కాంతం ఆ కొట్టులో మొదటిసారి అడుగుపెట్టింది పనికోసం కాదు. భర్త నాగేంద్ర రొయ్యల చెరువు మీద కరెంటు మోటారు తడిచేత్తో ముట్టుకుని పోయాడు. ఆసుపత్రి కాగితాలకి నకళ్ళు తీయించుకోవడానికి ఆమె వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మాణిక్యాలరావు గారు కాగితాలు అందుకుని, తిరగేసి, చాలా మామూలుగా అడిగారు.

"ఆ రోజు మీ ఇంట్లో ఏం కూరమ్మా?"

కాంతం తను సరిగ్గా వినలేదనుకుంది. "ఏంటండీ?"

"కూరమ్మా. అబ్బాయి పోయిన పూట ఇంట్లో ఏం వండేవు?"

ఫైలు తీసి ఆయన నెత్తిన కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకి. ఆయన ఆమె ముఖం చూసి ఇంకో ప్రశ్న వేశారు.

"నీకు చదువొచ్చా?"

"బీకాం చదివేనండీ," అంది పళ్ళు బిగించి.

"ఓహో, చెప్పేవు కాదు! అయితే కూర అక్కర్లేదు," అని ఆయన నిశ్చింతగా వెనక్కి తిరిగి, నాగేంద్ర మరణ ధ్రువపత్రాన్ని జిరాక్సు అద్దం మీద కుడి పక్కకి జరిపారు. "టైపు కూడా వస్తే రేపట్నుంచి పనిలోకి రా. నా కళ్ళు పోతున్నాయి."

తిట్టి వెళ్ళిపోవాల్సిన మనిషి మర్నాడు పనిలో చేరింది. బియ్యం డబ్బా అడుగంటుతున్నప్పుడు అభిమానం కాస్త ఆగమంటే ఆగుతుంది. చేరిన రోజున ఆయన నేర్పిన మొదటి పాఠమూ, ఆఖరి పాఠమూ మార్జినే. కంప్యూటరు తనంతట తాను ఇచ్చే మార్జినుని నమ్మకూడదు. ఒక పక్కే ప్రింటు అయితే ఎడమ పక్క వదలాలి. రెండు పక్కలా అయితే వెనక పేజీకి కుడి పక్క వదలాలి, లేకపోతే తిప్పగానే చిల్లు మాటల్లోకి దిగుతుంది. జిరాక్సుకి వచ్చిన కాగితంలో ఖాళీ లేకపోతే తొంభై శాతానికి కుదించి పక్కకి జరపాలి.

"ఇరుగ్గా ఉంటే ఏమవుతుందండీ బాబాయిగారూ?" అని అడిగింది ఒకసారి.

"ఫైల్లో పెట్టిన కాగితం బతికేది ఆ ఖాళీలోనేనమ్మా," అన్నారాయన. ఆయన్ని మార్జిను గురించి అడిగితే కొలత చెబుతారు కానీ కారణం చెప్పరు.

ఫైల్లో పెట్టే కాగితానికి మార్జిను వదిలితే ఎవరికీ బాధ లేదు. ఈయన ఫైలు గడప తొక్కని కాగితాలకి కూడా వదిలేవారు. శుభలేఖకి వదిలారు. చర్చిలో పాటల కాగితానికి వదిలితే ఆఖరి చరణం పట్టక, ఆ ఆదివారం జనం పాటని మధ్యలోనే ఆపేశారు. హోటల్లో గోడకి అతికించే 'అప్పు అడగరాదు' కాగితానికి కూడా వదిలారు. సైన్సు మాస్టారు మురళీమోహన్ గారి తండ్రి కాలం చేసినప్పుడు పెద్దకార్యం కార్డులు ఈ కొట్టులోనే వేయించారు. కార్డు చేతికి రాగానే మాస్టారు నిలువునా నీరైపోయారు.

"ఇదేంటండీ మాణిక్యాలరావు గారూ! మా నాన్నగారు కార్డులోంచి బయటికెళ్ళిపోతున్నట్టున్నారు!"

"వెళ్ళిపోయేరు కదండీ పాపం."

"అది కాదండీ బాబూ, ఫొటో మధ్యలో ఉండాలి కదా!"

"మధ్యలో పెడితే చిల్లు ఎక్కడ పడుతుందో చూడండి. భుజమ్మీద పడుతుంది. కన్నతండ్రి భుజానికి చిల్లు పెడతారా మీరు?"

"కార్డుకి చిల్లెవరేస్తారండీ?"

"రేపు పొలం మీ పేరున మార్పించుకోడానికి వెళ్తే ఈ కార్డు కూడా అడుగుతారు. అప్పుడు ఫైల్లో పెట్టరా?"

మాస్టారు ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశారు. పెద్దకార్యం నాడు భోజనాల దగ్గర ఆ కార్డు చేతులు మారుతుంటే "బతికున్నప్పుడూ అంతే, ఎవరికీ అడ్డం ఉండేవారు కాదు" అని ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నారట. మార్జిను మాణిక్యం అనే పేరు పెట్టింది మాత్రం మురళీమోహన్ మాస్టారే.

ఇంట్లోనూ ఇదే వరస అని ఆయన భార్య భవానీదేవి గారు కాంతం దగ్గర వాపోయేవారు. "అరిటాకులో ఎడం పక్క ఖాళీ వదిలి అన్నం కలుపుతారమ్మా. మంచమ్మీద కూడా ఎడం పక్క వదిలి పడుకుంటారు. కుడి పక్కనుంచి కింద పడతారు. అయినా ఆ ఖాళీ పూడ్చనివ్వరు."

మార్జినంటే సరదా పిచ్చి అని సర్దుకోవచ్చు. కాంతానికి మింగుడుపడనిది ఆ కూర ప్రశ్న. అందరినీ అడగరు, కొందరినే అడుగుతారు. ఎందుకు కొందరినో ఆమె పట్టించుకోలేదు, ఆ మాట వినపడగానే ఆమెకి తన రోజు గుర్తొచ్చి చెవులు మూసుకోవాలనిపించేది. అడిగాక ఆయన ఆ మనిషిని వెనక బల్ల దగ్గరికి తీసుకెళతారు. గోడ వైపు తిరిగి కూర్చుంటారు. కాగితాలు తనే దొంతి పెట్టి, తనే చిల్లులు వేసి, తనే ఫైలుకి ఎక్కిస్తారు. ఆ పనికి కాంతాన్ని దగ్గరికి రానివ్వరు. "ఏం చేస్తున్నారండీ?" అంటే "మార్జిను సరిచూస్తున్నాను" అంటారు. ఒక్కోసారి ఆ బల్ల దగ్గరనుంచి చిన్నగా నవ్వు వినిపిస్తుంది. కడుపుకోతతో వచ్చిన మనిషిని ఈయన కూరలడిగి నవ్విస్తున్నారా అని ఆమెకి ఒళ్ళు మండేది.

అలాంటి రోజుల్లో పాపాయమ్మ వచ్చింది.

పాపాయమ్మది గౌతమి మధ్యలో ఉన్న లంక. పడవ దాటి రావాలి. చామనఛాయ, గట్టి ఎముక, కూరపాదులు పెట్టి పెట్టి మొరటుదేరిన చేతులు. ఆ లంకని గోదారి ఏటేటా పక్కనుంచి కొరుక్కుంటూ వస్తోంది. ముందు అరటితోట పోయింది. తర్వాత కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా వాలిపోయాయి. మొన్నటి వరదలో ఆవుని విప్పడానికి వెళ్ళిన భర్త బుల్లబ్బాయి కాళ్ళ కింద గట్టు విరిగిపోయింది. ఆవు ఈదుకుంటూ ఒడ్డెక్కింది. బుల్లబ్బాయి దొరికింది చాలా కిందకి వెళ్ళాక, అదీ నీళ్ళు తీశాక. ఇప్పుడు గోదారి పాపాయమ్మ పెరటి గోడ దాకా వచ్చేసింది. ఇళ్ళు కోతకి గురవుతున్నవాళ్ళకి ఇవతల ఏటిగట్టు పక్కన ఇంటి స్థలాలు ఇస్తామని పెద్ద ఆఫీసరు వచ్చి విచారణ పెట్టారు. పాపాయమ్మ వెళ్ళింది, పని కాకుండా తిరిగి వచ్చింది.

ఎందుకు కాలేదో ఆమె కొట్టులో నిలబడి చెప్పింది. "కాయితాలన్నీ ప్లాస్టిక్ సంచీలో పెట్టుకెళ్ళేనండీ. మా ఆరి చావు కాయితం అడిగేరండీ. నాకు చదువు రాదు కదండీ, సంచీ అంతా బల్ల మీద గుమ్మరించేనండీ. పైన ఫేను తిరుగుతుందండీ. ఇంకేటుంది, కాయితాలన్నీ ఎగిరిపోయేయండీ. ఎవడో ఒకడు 'నీకేం తెలుస్తాది, ఇలా ఇయ్యి' అని లాక్కుని, మా ఆయన ఎలా చచ్చిపోయేడో అందరి ముందూ పైకి చదివేసేడండీ. ఆవు బతికిందంట, ఈడు పోయేడంట అని కూడా అన్నాడండీ ఎవడో. నవ్వేరండీ."

కాంతం వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. పాపాయమ్మ ఏడవలేదు.

"మళ్ళీ పిలుత్తారంటండీ. ఈసారి కాయితం చూపించకపోతే పేరు కొట్టేత్తారంట. నాకొకటే ఉందండీ. నా కాయితం నేనే తీసి ఇయ్యాలి. ఇంకోడి చెయ్యి పడకూడదు. అలాగ చేసి పెట్టండి బాబుగారూ."

చదువురాని మనిషి తన కాగితం తనే తీసి ఇవ్వడం ఎలాగా అని కాంతం అనుకునేలోపే మాణిక్యాలరావు గారు స్కేలు తీశారు. "కాంతం, ఒకటిన్నర అంగుళం," అన్నారు. ఆ తర్వాత పాపాయమ్మ వైపు తిరిగి, "పాపాయమ్మా, బుల్లబ్బాయి పోయిన రోజు మీ ఇంట్లో ఏం కూర?" అని అడిగారు.

కాంతానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాపాయమ్మ మాత్రం కాసేపు ఆలోచించి, "ఆనపకాయండీ. పొయ్యి మీద పెట్టి పరిగెట్టేను. మాడిపోయింది," అంది.

"మరి లంక భూమి పట్టా వచ్చిన రోజు?"

"అబ్బో, ఆ రోజు బాతుకూర పెట్టేవండీ చుట్టాలందరికీ."

"ఇల్లు దెబ్బతిందని వరద కాగితం ఇచ్చిన రోజు?"

"వండుకునేదేటండీ, పునరావాస కేంద్రంలో పులిహోర పొట్లం ఇచ్చేరు."

ఇద్దరూ వెనక బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. చాలాసేపు ఏదో గుసగుస. మధ్యలో పాపాయమ్మ "అదేటండీ బాబూ అదీ!" అని పకపకా నవ్వడం కాంతం చెవిన పడింది. వెళ్ళేటప్పుడు ఆమె నీలం రంగు రింగు ఫైలుని పొట్టకి ఆనించుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పడవరేవు వైపు నడిచింది.

విచారణ మళ్ళీ పెట్టేసరికి వానలు మొదలయ్యాయి, లంకలో ఇంకో రెండు ఇళ్ళు గోదాట్లోకి జారాయి. పాపాయమ్మ వంటగది గోడకి చీలిక వచ్చిందని కబురు తెలిసింది. సరిగ్గా ముందు రోజు మాణిక్యాలరావు గారు జ్వరం వచ్చి మంచమెక్కారు. ఎడమ పక్క ఖాళీ వదిలే ఎక్కారని భవానీదేవి గారు చెప్పారు.

ఆ రోజు కొట్టు కాంతం ఒక్కతే చూసుకుంది. పొద్దు వాలుతుండగా పాపాయమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇల్లు కోత అంచున ఉందని పంచాయతీ వాళ్ళు రాసిచ్చే ధ్రువపత్రం అప్పుడే ఫోనులోకి వచ్చిందట. అన్ని కాగితాల్లోకీ ముఖ్యమైనది అదే. బయట ఆఖరి పడవ వాడు కేకలు వేస్తున్నాడు. కరెంటు పోతూ వస్తూ ఉంది. కాంతం ఫోనులోంచి తీసి, వచ్చినది వచ్చినట్టు కాగితం నిండా ప్రింటు ఇచ్చేసింది. పంచింగు మిషను నొక్కింది. 'టక్' మని పడిన చిల్లు రెండు అక్షరాల్ని మింగేసింది. మాణిక్యాలరావు గారు చూస్తే జ్వరం ఇంకాస్త పెరిగేది.

"ఏం ఫర్వాలేదండీ, చదవడానికి వస్తోంది," అని తనకి తనే చెప్పుకుని ఫైల్లో ఎక్కించింది. పాపాయమ్మ ఆ కాగితం కేసి అదోలా చూసింది. ఏదో అడగబోయింది. పడవ వాడు మళ్ళీ అరిచాడు. ఆమె పరిగెత్తింది.

మర్నాడు పొద్దున్నే మాణిక్యాలరావు గారి ఫోను వచ్చింది. గొంతు పూడిపోయి ఉంది. "కాంతం, కొట్టు మూసేసి పాపాయమ్మతో విచారణకి వెళ్ళు. పక్కన నిలబడు. కానీ ఫైలు ముట్టుకోకు. నోరు ఎత్తకు."

"ఏమీ చెయ్యనప్పుడు నేనెందుకండీ?"

"పక్కన మనిషుంటే ధైర్యం. చెయ్యి పెడితే పెత్తనం. వెళ్ళు."

విచారణ ఒక కల్యాణమండపంలో పెట్టారు. పెళ్ళికి కట్టిన పూలు అలాగే వాడిపోయి వేలాడుతున్నాయి. కింద తడిసిన గొడుగులు, తడిసిన మనుషులు, లంకలన్నీ ఎక్కడెక్కడి బురదో కాళ్ళకి అంటించుకుని వచ్చాయి. ముందు బల్ల దగ్గర ఆఫీసరుగారు కూర్చున్నారు. నడివయసు ఆవిడ, నిద్రలేని కళ్ళు. పక్కన సింహాద్రి అనే అటెండరు నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. కాగితం వెంటనే చూపించలేనివాళ్ళని "పక్కకెళ్ళి ఎతుక్కుని ఆఖర్లో రండి" అని తప్పిస్తున్నాడు. ఆఖరు అనేది సాయంత్రానికి వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. పక్కకి వెళ్ళినవాళ్ళు గోడ వారగా చతికిలబడి, దారిన పోయే ప్రతివాడికీ కాగితాలు చూపించి "ఇదేనా బాబూ, ఇదేనా" అని అడుగుతున్నారు.

"పాపాయమ్మా!" అని పిలిచాడు సింహాద్రి.

పాపాయమ్మ వెళ్ళి ఫైలు బల్ల మీద పెట్టింది. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఫైల్లో కాగితాలు రెపరెపలాడాయి కానీ ఒక్కటీ కదల్లేదు.

"లంక పట్టా ఉందామ్మా?" అన్నారు ఆఫీసరుగారు.

పాపాయమ్మ పేజీలు తిప్పింది. ఎడమ పక్క, రింగుల దగ్గర, ఖాళీ మీద బొటనవేలు పెట్టి తిప్పుతూ ఒకచోట ఆగింది. "ఇదిగోనండీ." అది పట్టాయే. అసలు కాగితం వెనక ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా ఉంది.

"భర్త మరణ ధ్రువపత్రం?"

బొటనవేలు మళ్ళీ కదిలింది. "ఇదండీ."

"వరద నష్టం కాగితం?"

"ఇదండీ."

కాంతం మెడ సాచి చూసింది. అప్పుడు కనిపించాయి ఆమెకి. నకళ్ళ మీద, ఆ ఒకటిన్నర అంగుళం ఖాళీలో, పెన్సిలుతో బొమ్మలు. మరణ ధ్రువపత్రం పక్కన పొగ వస్తున్న ఆనపకాయ. వరద కాగితం పక్కన మూలలు మడిచిన పులిహోర పొట్లం. రేషన్ కార్డు పక్కన కోడిగుడ్డు. ఇన్నాళ్ళూ గోడ వైపు తిరిగి ఆ పెద్దమనిషి సరిచూసిన మార్జిను ఇదన్నమాట. అక్షరం రాని మనిషికి తారీఖు గుర్తుండదు, కాగితం పేరు గుర్తుండదు. ప్రాణం విలవిల్లాడిన రోజున పొయ్యి మీద ఏముందో మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది. 'అయితే కూర అక్కర్లేదు' అన్న మాట ఇన్నాళ్ళకి అర్థమై, కాంతానికి కల్యాణమండపం మధ్యలో ఏడుపూ సిగ్గూ కలిసి వచ్చాయి.

ఆఫీసరుగారు కూడా చూశారు. కళ్ళజోడు పైకి నెట్టారు. "పట్టా నకలు మీద ఈ కోడి ఏంటమ్మా?"

"కోడి కాదండీ, బాతండీ," అంది పాపాయమ్మ. "గీసినారికి బొమ్మలు రావండీ. నేను అప్పుడే చెప్పేను. ఇనలేదు."

"ఆఫీసు కాగితాల మీద ఇలా గీయొచ్చా?"

"అచ్చు మీద పడలేదండీ. మార్జిన్లోనేనండీ."

ఆఫీసరుగారు బాతుని కాసేపు చూశారు. "సరే. కోత ధ్రువపత్రం చూపించు," అన్నారు.

కాంతం ఫైలు వైపు ఒక అడుగు వేసి ఆగింది. అది తను ప్రింటు ఇచ్చిన కాగితం. దానికి మార్జినూ లేదు, బొమ్మా లేదు.

పాపాయమ్మ బొటనవేలు మొదటినుంచి చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. వరసలో వెనక నిలబడ్డవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. "పక్కకెళ్ళి ఎతుక్కోమ్మా," అన్నాడు సింహాద్రి, తర్వాతి పేరు కోసం కాగితం చూస్తూ. వెనకనుంచి ఎవడో "ఇలా ఇయ్యి, నేను చూస్తాను" అని చెయ్యి చాపాడు. కాంతం కూడా నోరు తెరిచింది. ఒక్క మాట, 'ఆఖరుది' అంటే చాలు. కానీ పాపాయమ్మ తల తిప్పకుండానే ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి ఇద్దరినీ ఆపింది. కొట్టులో ఆమె అడిగింది ఇంటి స్థలం ఒక్కటే కాదు, తన కాగితం తన చేత్తో ఇవ్వడం. కాంతం పెదవి కొరుక్కుని నిలబడింది.

పాపాయమ్మ మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి పైకే చెప్పుకుంటూ. "బాతు పట్టాండి. ఆనపకాయ ఆరిదండి. పొట్లం వరదదండి. గుడ్డు రేషనుదండి. వంకాయ ఆధారుదండి." ఆఖరి కాగితం దగ్గర ఆగింది. దాన్ని అటూ ఇటూ చూసింది. ముఖం విప్పారింది.

"ఇదేనండీ! బొమ్మ లేంది ఇదొక్కటేనండీ. పక్కన ఖాళీ కూడా లేదు, చిల్లు సరాసరి రాత మీదే పడింది. మాణిక్యాలరావు గారు చచ్చినా ఇలా చెయ్యరండీ. ఇది నిన్న సాయంత్రం కాంతంగారు చేసిన కాయితవండీ."

ఆఫీసరుగారు కాగితం చదివారు. చిల్లు మింగిన రెండు అక్షరాల దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకు వెళ్ళారు. తర్వాత ఆవిడ ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కనబడింది. "కాంతంగారు ఎవరు?" అని అడిగారు. కాంతం ఒక స్తంభం వెనక్కి జరిగింది. ఆఫీసరుగారు సంతకం పెట్టారు. గట్టు పక్కన స్థలం వచ్చినట్టే.

కాంతం తిన్నగా మాణిక్యాలరావు గారింటికి వెళ్ళింది. ఆయన దుప్పటి కప్పుకుని, మంచం కుడి అంచున వేలాడుతూ పడుకుని ఉన్నారు.

"వచ్చిందండీ," అంది.

"మార్జిను ఎంత పెట్టేవు?"

"పెట్టలేదండీ."

ఆయన దుప్పటి ముఖం మీదకి లాక్కున్నారు. కాంతం నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ బాబాయిగారూ. చదువు రానోళ్ళ కాగితాలకే మార్జిను పెడితే సరిపోయేది. మాస్టారి నాన్నగారి కార్డుకి ఎందుకండీ? హోటల్లో అప్పు కాగితానికి ఎందుకండీ? ఊరంతా పిచ్చి మనిషంటున్నారు."

దుప్పటి లోంచే సమాధానం వచ్చింది. "వాళ్ళకి మాత్రమే పెట్టేననుకో. ఫైలు తెరవగానే తెలిసిపోతుంది, ఈ మనిషికి చదువు రాదని. ప్రతివాడూ 'నీకేం తెలుసు, ఇలా ఇయ్యి' అని లాక్కుంటాడు. ఊరందరి కాగితమూ ఒకలాగే ఉంటే ఎవరిదేదో ఎవడికి తెలుస్తుంది? పిచ్చోడంటే నన్నే కదా అంటారు. అననీ." దుప్పటి కాస్త దించి, "అదీ కాక, చిల్లు అక్షరం మీద పడితే నాకు కడుపు మండిపోతుంది," అన్నారు.

ఇంతకాలం ఆయన్ని రాతి మనిషనుకున్నందుకు కాంతం మనసులోనే చెంపలేసుకుంది. దుప్పటి సరిచేసి, ఎడమ పక్క ఖాళీని ముట్టుకోకుండా వచ్చేసింది.

ఆ వానల్లోనే పాపాయమ్మ ఇల్లు పోయింది. ఒక తెల్లవారుజామున వంటగది, మధ్యగది, అరుగు వరసగా జారిపోయాయి. తలుపులూ పెంకులూ ముందే ఇవతలికి చేర్చుకుంది కాబట్టి అవి మిగిలాయి. ఆవు కూడా మిగిలింది. గట్టు పక్కన తాటాకు పాక వేసుకుని, కొత్త స్థలం పట్టా పట్టుకుని, నీలం ఫైలు చంకన పెట్టుకుని ఆమె కొట్టుకి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది, గాజులు లేని చేతులకి ఇంకా బురద ఉంది.

మాణిక్యాలరావు గారు పెన్సిలు కోసం చెయ్యి చాపారు. అది అప్పటికే కాంతం చేతిలో ఉంది. నకలు తీసింది, తొంభై శాతానికి కుదించింది, కుడి పక్కకి జరిపింది. స్కేలు పెట్టి కొలిచింది. చిల్లులు వేసింది. అవి ఖాళీలో చక్కగా పడ్డాయి. అప్పుడు పాపాయమ్మని వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టి, గోడ వైపు తిరిగి అడిగింది.

"ఈ పట్టా చేతికొచ్చిన రోజు ఏం కూరండీ పాపాయమ్మ గారూ?"

"కూరెక్కడిదమ్మా, పొయ్యే గోదాట్లో కలిసిపోతేను! గట్టు మీద పక్కింటోళ్ళు ఇడ్లీ పెట్టేరు. ఏడిఏడిగా ఉందమ్మా. రెండోది కూడా అడిగి పెట్టించుకున్నాను."

కాంతం నాలుక కాస్త బయటపెట్టి, శ్రద్ధగా ఇడ్లీ గీసింది. పైన పొగ వస్తున్నట్టు రెండు గీతలు కూడా పెట్టింది. పాపాయమ్మ ఫైలు దగ్గరికి లాక్కుని, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చి చూసింది.

"ఇది కూడా బాతేనా అమ్మా?"

కాంతం ముఖం కందిపోయింది. మాణిక్యాలరావు గారు లేచి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, స్కేలు ఆనించి చూశారు.

"ఏదైతే ఏముంది," అన్నారు తృప్తిగా. "మార్జిను దాటలేదు."